పూచీ ఎవరిది?

పూర్వం ఒక రాజ్యంలో ధర్మశాస్త్రం చదివే గౌరన్న, తన గురువు ముందే ఫిర్యాదీగా నిలబడాల్సి వచ్చింది. కుండల వ్యాపారి కుప్పయ్య పగుళ్లకు మైనం పూసి అమ్మిన కుండ పొయ్యి మీద విచ్చిపోయి, గౌరన్న తల్లి కాళ్లు బొబ్బలెక్కాయి. తీర్పు చెప్పే గురువేమో కుప్పయ్యకు స్వయానా బావమరిది.

"చూసి కొనే పూచీ కొన్నవాళ్లదే! ఇంకా నోరెత్తావో, కొరడా దెబ్బలే!" అన్నాడు గురువు.

గౌరన్న చేతులు జోడించాడు. "చిత్తం గురువుగారూ. పూచీ మాదైతే, కొనేముందు పరీక్షించే హక్కూ మాదేగా?"

"సందేహమేముంది!"

గౌరన్న తీర్పు వినడానికి చేరిన జనం వైపు తిరిగాడు. "విన్నారుగా! పదండి, కుప్పయ్య కొట్లో కుండ కుండలోనూ మరిగే నీళ్లు పోసి చూద్దాం."

జనం బిలబిలా లేచారు. కుప్పయ్య పరుగున వెళ్లి వాకిలికి అడ్డం పడ్డాడు.

"వద్దు బాబోయ్! పూచీ నాదే, నాదే!"