కర్ర చప్పుడు

ఎవరైనా ప్రశ్న వేస్తే పరాంకుశం మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. "టీ తాగొద్దాం పద" అంటారు. ఏలూరులో చూపులేనివాళ్ళకు తెల్లకర్రతో నడక నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థకు ఆయన పెద్ద. ఆయనకూ చిన్నప్పటినుంచీ చూపు లేదు. వీధి చివరి టీకొట్టు దాకా వెళ్ళి వచ్చేలోగా, అడిగినవాళ్ళకు జవాబు ఏదో ఒక రూపంలో ఎదురవుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఎదురుకాకపోతే టీ అయినా దక్కుతుంది.

డిగ్రీ రెండో ఏడాది చదువుతూ ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ప్రవల్లికకు ఆ శుక్రవారం పొద్దున ఈ పద్ధతి చూస్తే ఒళ్ళు మండింది. తన ప్రశ్న సూటిగానే ఉంది మరి. "మాస్టారూ, సుభాషిణి గారు దేనికీ తగలకుండా నడుస్తున్నారు. సోమవారం ఉద్యోగంలో చేరొచ్చని మీరెందుకు చెప్పడం లేదు?"

సుభాషిణికి షుగరు జబ్బుతో చూపు పోయి ఏడాదవుతోంది. అన్నగారింట్లో ఉంటోంది. ఒక ఆస్పత్రివాళ్ళు ఫోన్ల గదిలో ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, ఎవరి తోడూ లేకుండా రాగలిగితేనే అన్నారు. సోమవారం చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. ఆ జీతం వస్తే హాస్టల్లో వదిలిన కూతుర్ని తెచ్చుకుని దగ్గర పెట్టుకోవాలని ఆవిడ ఆశ. ఈ సంగతి తెలిసినప్పటినుంచి ప్రవల్లికకు కాలు నిలవడం లేదు.

ఆ సంస్థలో ఒక ఆచారం ఉంది. మాస్టారు రోజూ పొద్దున్నే హాల్లో స్టూళ్ళూ బకెట్లూ తన ఇష్టమొచ్చిన చోట పెడతారు. నేర్చుకునేవాళ్ళ కర్ర వాటిని తాకితే "తగిలింది" అనకూడదు, "దొరికింది" అనాలి. ప్రవల్లికకు ఇది ముసలాయన చాదస్తంలా తోచింది. సుభాషిణి నడుస్తుంటే, తను చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా ముందు వెళుతూ అడ్డమొచ్చినవన్నీ పక్కకు జరిపేసేది. వీధిలోనూ అంతే. చూపున్నవాళ్ళు అక్కడ తక్కువ కాబట్టి ఇదేమిటని ఎవరూ అడగలేదు. సుభాషిణి ఎక్కడా ఆగకుండా వచ్చేస్తే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ తనే. పాపం, మంచి మనసుతోనే చేసింది.

"టీ తాగొద్దాం పద" అన్నారు మాస్టారు. "సుభాషిణమ్మా, ఇవాళ మమ్మల్ని నువ్వే తీసుకెళ్ళాలి. ముందు నడు." అంటూ ప్రవల్లిక చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఆ చెయ్యి వదలరని గేటు దాటాక గానీ ఆమెకు తెలియలేదు.

సగం దారిలో ఎవరో సైకిలు అడ్డంగా నిలిపి వెళ్ళారు. ప్రవల్లికకు దూరం నుంచే కనిపించింది. చెయ్యి విడిపించుకోబోతే మాస్టారి పట్టు బిగిసింది. సుభాషిణి కర్ర చక్రానికి తగిలి టంగుమంది. ఆవిడ అక్కడే కొయ్యబారిపోయింది.

"అమ్మాయిగారండీ! ఏదో అడ్డంగా ఉందండీ! ఎక్కడున్నారండీ?"

ప్రవల్లికకు ఏడుపొచ్చింది. "వదలండి మాస్టారూ, ఆవిడ భయపడిపోతున్నారు!"

"నాకూ వినిపిస్తోందమ్మా" అన్నారాయన. చెయ్యి మాత్రం వదల్లేదు.

సుభాషిణి మళ్ళీ పిలిచింది. ఎవరూ రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, కర్రను మెల్లగా చాచింది. చక్రం తెలిసింది. ఇంకొంచెం పక్కన పెడలు. చేత్తో తడిమి సీటు పట్టుకుంది. ఒక వైపు గోడ ఉంది, రెండో వైపు ఖాళీ. ఆ ఖాళీ వైపునుంచి చుట్టి అవతలికి వెళ్ళి, "దొరికింది!" అని అరిచింది, కోపంగానే.

టీకొట్టు దగ్గర ఆవిడ గ్లాసు అందుకుంది. "ఇన్నాళ్ళూ దారంతా ఖాళీగానే ఉందనుకున్నానండీ. నాకు నడక వచ్చేసిందనుకున్నాను."

ప్రవల్లిక సిగ్గుతో చచ్చిపోయింది. ఇక దాచలేక, చెప్పులు విప్పి ముందు నడిచిన సంగతంతా చెప్పేసింది.

"తెలుసమ్మా" అన్నారు మాస్టారు. "నేను పెట్టిన బకెట్లు ఒక్కటీ మోగడం లేదు." తర్వాత సుభాషిణి వైపు తిరిగారు. "మరి సోమవారం సంగతేమిటి?"

ఆవిడ మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. "రేపూ ఎల్లుండీ ఆస్పత్రి దాకా నడిచి చూస్తానండీ. సోమవారం చేరతాను. ఈ రెండు రోజులూ అమ్మాయిగారు నా వెనకాలే రావాలి. చెప్పులేసుకుని."

మాస్టారు నవ్వి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "పొద్దున నువ్వేదో అడిగావు కదూ, ప్రవల్లికా?"

"సుభాషిణి గారి నడక గురించండీ."

"నిన్నటిదాకా దేనికీ తగలని ఆ నడక నీదే కదమ్మా" అన్నారాయన. "అది బాగానే ఉంది."