ఎలుగుల వాటా

కోట చుట్టుపక్కల ఎలుగుబంట్లు కనబడటం లేదని ఒక రాజుగారికి బెంగ పట్టుకుంది. ఆస్థాన మృగశాస్త్రి అనంతభట్టు ఎదురుగా ఉన్న కొండైనా ఎక్కకుండానే కారణం తేల్చేశాడు. "కొండజనం తేనంతా దోచేస్తున్నారు ప్రభూ! వాళ్లని దింపేస్తే ఎలుగులు బతుకుతాయి."

ఆ మాట చెవిన పడ్డాక తేనె కొట్టే ఈదమ్మకి కాలు నిలవలేదు. పుట్టిన కొండ పోతోంది మరి! ఉన్నపళాన సభలోకి వచ్చి పడింది.

"నిన్నెవరు పిలిచారే?" అన్నాడు భట్టు.

"ఎవరూ పిలవలేదనే వచ్చాను సామీ. కొండ దిగి మేమెక్కడ ఉండాలి?"

"ఎక్కడైనా ఏడువు! రాజుగారి మామిడితోటలో ఉండు, నాకేం?"

రాజు నవ్వి తలూపాడు.

ఈదమ్మ ఆ మాటే పట్టుకుని గూడెం మొత్తాన్ని తోటలోకి దింపింది. అక్కడి తేనెపట్లు కోసి, కొండమీది ఆనవాయితీ ప్రకారం ప్రతి పట్టులో సగం ఎలుగులకని చెట్టుకిందే వదిలింది. ఏళ్లతరబడి ఆ సగానికి మరిగిన ఎలుగులు వాసన పట్టుకుని తోటలోకి దిగనే దిగాయి. భట్టు చెట్టెక్కాడు. రాజు మేడెక్కాడు.

"ఏమిటే ఇది?" పైనుంచి అరిచాడు రాజు.

"కనబడటం లేదని బెంగపడ్డారుగా దొరా, కళ్లారా చూసుకోండి! మేం తిన్నదే శాస్త్రిగారు లెక్కేశారు. వదిలిందెంతని మమ్మల్ని అడిగిన వాళ్లు లేరు."

"మీ కొండ మీరెక్కండి తల్లీ, వాటినీ తీసుకుపోండి! ఇకమీదట అడవి గురించి సభ పెడితే నిన్ను పిలిచాకే పెడతాను."

"మరిచిపోయినా ఫరవాలేదు దొరా," అంది ఈదమ్మ ఎలుగులవైపు చూస్తూ. "ఈసారి అందరం కలిసే వస్తాం."