గవరయ్య అమ్మిన వాచీ

నీలాలమెట్ట సంస్థానం రాజుగారు రామభద్ర భూపతి ఓ రోజు పొద్దున్నే పెసరట్టు తింటూ తింటూ, "ఈ వాచీ అమ్మేస్తాను" అన్నారు.

రాజ్యం పోయి ముప్పై ఏళ్లు దాటింది గానీ దర్బారు మాత్రం పోలేదు. రాజుగారు ఏమన్నా కొలువులో ఉన్న నలుగురూ "చిత్తం" అనాల్సిందే. అన్నారు. ఒక్క గవరయ్యకే గొంతులో వెలక్కాయ పడింది.

ఎందుకంటారా? ఆ వాచీయే అతని ఉద్యోగం మరి!

అది మామూలు వాచీ కాదు. సముద్రం అడుక్కి దిగేవాళ్లు కట్టుకునేది. రాజుగారు కుర్రతనంలో విశాఖ రేవులో ఓ ఓడ కెప్టెన్ దగ్గర కొన్నారు. దానికి కీ ఇవ్వనక్కర్లేదు. కట్టుకున్నవాడి చెయ్యి కదులుతుంటే అదే నడుస్తుంది, కదలకపోతే ఆగిపోతుంది. రాజుగారి చెయ్యి భోజనం దగ్గర తప్ప ఎక్కడ కదులుతుంది చెప్పండి? అందుకని రోజూ మధ్యాహ్నం వాచీ విప్పి గవరయ్య చేతికి కట్టేవారు. అతను సాయంత్రం దాకా చెయ్యి ఊపుకుంటూ కోటంతా తిరిగేవాడు. పద్దెనిమిదేళ్లుగా అదే కొలువు. యాభై దాటాక, చెయ్యి ఊపడం తప్ప మరో విద్య రానివాడికి పని ఎవరిస్తారండీ?

"డాక్టరు సముద్రస్నానం మానమన్నాడు. నీళ్లలో దిగనివాడికి నీళ్లలో దిగే వాచీ ఎందుకు?" అన్నారు రాజుగారు. "ఒరే గవరయ్యా, అమ్మే పూచీ నీది. ఐదు వేలకి పైసా తగ్గకూడదు. అబద్ధం ఆడకూడదు. ఏమేం మార్పించామో అన్నీ చెప్పే అమ్మాలి. అమ్మలేకపోయావో, నీ కొలువు ఊడినట్టే."

"అమ్మితేనో ప్రభూ?"

"అమ్మితే వాచీయే ఉండదు కదరా. ఇంక కొలువెక్కడిది?" అని రాజుగారు ఇంకో పెసరట్టు వేయించుకున్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గవరయ్యకి రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు, వాచీ అమ్మకం కబురు విని రాజమండ్రి నుంచి త్రిపురాంతకరావుగారు దిగారు. పాత గడియారాలు పోగుచెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ మాట ఆయనే చెప్పారు, వచ్చిన కాసేపట్లో మూడుసార్లు.

భూతద్దం కంటికి బిగించి, "ఏమేం మార్చారయ్యా?" అని అడిగారు.

"అద్దం పగిలితే మార్పించామండి," అన్నాడు గవరయ్య. "ముళ్లు తుప్పు పట్టాయి, మార్పించాం. డయలు పొక్కింది, అదీ మార్పించాం. ఉప్పునీళ్లకి కేసు చిల్లు పడింది. అది తెలియక రాజుగారు సముద్రంలో దిగితే లోపల మిషను కూడా పోయింది. అవన్నీ మార్పించాం."

"మరి పాతది ఏం మిగిలింది?"

"పట్టీ మిగిలిందండి. పోయినేడు ఎలక కొట్టేసింది."

దర్బారులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. త్రిపురాంతకరావుగారు వాచీని బల్ల మీద అటు తోసేశారు.

"ఇది ఆ వాచీ కాదు! దాని పేరు పెట్టుకున్న మరొకటి. ఏదో రాజుగారి ముఖం చూసి రెండు వందలిస్తాను."

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "తమకి తెలియందేముంది బాబూ. ఈ కొత్త భాగాలకి విలువ లేదంటారు?"

"గవ్వంత కూడా లేదు."

"అదే అసలు భాగాలైతే?"

"కళ్లకద్దుకుని ఐదు వేలిద్దును."

"పగిలినా?"

"పగలనీ."

"తుప్పు పట్టినా?"

"ఆ తుప్పే అందమయ్యా! నీకేం తెలుస్తుంది?"

"నడవకపోయినా?"

"నడుస్తుందని గడియారం కొంటారుటయ్యా ఎవరైనా? నా దగ్గర నలభై రెండున్నాయి. ఒక్కటీ నడవదు!" అని ఆయన దర్బారు కేసి గర్వంగా చూశారు. "నేను నలుగురిలో ఒక మాటన్నానంటే అన్నట్టే."

గవరయ్య లోపలికెళ్లి ఓ బిస్కట్ల డబ్బా పట్టుకొచ్చాడు.

ఆ కోటలో ఓ ఆనవాయితీ ఉంది. ఏ నగ బాగుకి వెళ్లినా విరిగిన ముక్క, ఊడిన రాయి, రజనుతో సహా కంసాలి దగ్గర్నుంచి తిరిగి రావాల్సిందే. పెద్ద రాణిగారు పెట్టిన కట్టడి. ఆవిడకి కంసాలి మీద నమ్మకం లేదు, ఆ మాటకొస్తే ఎవరి మీదా లేదు. ఆ కట్టడి నగలకే గానీ వాచీలకి వర్తించదని గవరయ్యకి ఎవరూ చెప్పలేదు. రిపేరువాడు తీసేసిన ప్రతి ముక్కా పొట్లం కట్టించి తెచ్చి ఇన్నేళ్లూ ఆ డబ్బాలో పడేశాడు.

పొట్లాలు ఒక్కొక్కటే విప్పాడు. పగిలిన అద్దం, తుప్పు ముళ్లు, పొక్కిన డయలు, చిల్లు కేసు, బిగుసుకుపోయిన మిషను. ఎలక కొట్టగా మిగిలిన పట్టీ.

త్రిపురాంతకరావుగారు భూతద్దం పెట్టుకున్నారు. తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

"అన్నీ అసలువే," అన్నారు నీరసంగా. నలుగురూ చూస్తున్నారాయె, అన్న మాట మింగడానికి లేదు. ఐదు వేలూ బల్ల మీద పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని, కాఫీ కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయారు.

"ఒరే గవరయ్యా!" రాజుగారు కుర్చీలోంచి సగం లేచారు. "వాచీ అమ్మమంటే డబ్బాడు చెత్త అమ్మావేమిట్రా? వాచీ ఇక్కడే ఉందిగా!"

గవరయ్య తల గోక్కున్నాడు.

"వాచీ డబ్బాలో వెళ్లిపోయింది ప్రభూ. ఇది ఆ వాచీ కాదని అంత పెద్దాయన తమ ఎదుటే సెలవిచ్చారు కదా. దీన్ని అమ్మమని తమరు చెప్పలేదు, దీన్ని చూసుకునే కొలువు ఊడుతుందనీ చెప్పలేదు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. దర్బారంతా గొల్లుమంది. కళ్లు తుడుచుకుంటూ ఆయన బల్ల మీది సొమ్ములోంచి దోసెడు తీసి గవరయ్య ఉత్తరీయంలో పోశారు.

"బతికున్నన్నాళ్లూ ఆ కొలువు నీదేరా," అన్నారు.