జిన్నుల చాకిరేవు

ఇల్యాస్ నిట్టూర్చాడంటే మఠంలో దీపాలు ఆరిపోయేవి. వంటాయన ఆ మాట ఒట్టేసి చెప్పేవాడు.

ఇల్యాస్ పడవవాడి కొడుకు. ఎక్కడో తూర్పున పెద్ద నది ఒడ్డున పుట్టి, దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చి వచ్చి, ఈ ఎడారి పట్నంలో మురాద్ బాబా అనే ఫకీరు మఠంలో శిష్యుడిగా చేరాడు. అక్కడి ఎండ ఎలాంటిదంటే, గోడ దిగాలంటే బల్లి కూడా గొడుగు అడిగేది. అలాంటి చోట, నమాజులో నుదురు నేలకి ఆనించగానే ఇల్యాస్‌కి నీళ్ళ చప్పుడు వినిపించేది. వెనకే అమ్మ గొంతు, చీకటి పడుతోంది, పడవ ఒడ్డుకి తెమ్మని.

అమ్మ పోయింది. నది కూడా దారి మార్చుకుని ఎటో వెళ్ళిపోయిందని ఒంటెల బిడారువాళ్ళు చెప్పారు. వెళ్దామంటే చోటు లేదు, చప్పుడు మాత్రం ఆగదు.

తెల్లారితే శుక్రవారం. బాబా అతనికి ఫకీరుల ఉన్ని అంగీ తొడిగే రోజు. తొడుక్కునేవాడు అందరి ముందూ, నా గుండెలో దేవుడు తప్ప మరేమీ లేదని చెప్పాలి. అది అక్కడి ఆచారం. ఇల్యాస్ అబద్ధమాడి తొడుక్కోలేడు. తొడుక్కోకపోతే మఠంలో ఉండలేడు.

అందుకే వెళ్ళి బాబా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బాబా, ఈ నదిని నాలోంచి తీసెయ్యండి."

బాబా ఎంత ముసలాయనంటే, ఆ ఊరి కొండలు ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవి. ఆయన నీళ్ళతిత్తి భుజాన వేసుకుని, "ఎర్రరాళ్ళ దాకా నడిచొద్దాం పద నాయనా," అన్నాడు.

ఎర్రరాళ్ళు ఎంతో దూరం కాదు. పెనం మీద రొట్టె వేసి బయల్దేరితే, అది మాడేలోగా వెళ్ళి రావచ్చు. సాయంత్రంపూట బాలింతలు కూడా పసిపిల్లల్ని చంకనేసుకుని పోయేవాళ్ళు. ఇసకే గట్టిపడి రాయయిన గుట్టలవి. గాలి చెక్కీ చెక్కీ ఒకదాన్ని ఒంటెలా, ఇంకోదాన్ని పళ్ళూడిన అత్తగారిలా చేసిపెట్టింది. ఇన్నేళ్ళలో ఇల్యాస్ మాత్రం అటు తొంగి చూడలేదు. నీళ్ళు లేని చోటికి షికారేమిటని.

గుట్టల మధ్య ఒక చదును బండ. దానినిండా వంపులు వంపులుగా మడతలు. జిన్ను భూతాల పెళ్ళాలు బట్టలుతికి ఉతికి అరగదీసిన బండ అది అని ఊళ్ళో అందరూ నమ్మేవారు. పాపం, వాళ్ళలో ఒక్కరూ నది మొహం చూసినవాళ్ళు కాదు.

బాబా దాని పక్కన చతికిలబడి, తిత్తి మూతి విప్పి, నీళ్ళన్నీ బండ మీద ఒంపేశాడు. ఒక్క చుక్క ఒలికితే మూడు తరాల్ని తిట్టిపోసే ఊరది. ఇల్యాస్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

పెట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తడిసిన బండ మీద ప్రతి మడతా మెరిసింది. అరచెయ్యి దానంతటదే కిందికి వాలింది. చిన్నప్పుడు రేవులో, మోకాలిలోతు నీళ్ళలో, పాదాల కింద తగిలిన ఇసక. అవే మడతలు.

"జిన్నులు బాగానే ఉతికారు," అన్నాడు బాబా.

"చాకిరేవు కాదు బాబా." అన్నాడు ఇల్యాస్. "ఇక్కడ నీళ్ళు పారాయి."

"ఎటు నుంచి ఎటు?"

ఇల్యాస్ కళ్ళు మూసుకుని, మడతలు ఎటు వాలుగా ఉన్నాయో, ఎటు నిటారుగా ఉన్నాయో వేళ్ళతో తడిమాడు. నీళ్ళొచ్చే వైపు వాలు, పోయే వైపు నిటారు అని పడవవాడి కొడుక్కి తెలుసు. ఒంటె రాయి వైపు నుంచి ఊరి వైపుకి అన్నాడు. ఎప్పుడు పోయాయి ఆ నీళ్ళు అని బాబా అడిగితే, ఊరు పుట్టకముందే అయుంటుందన్నాడు.

తడి అంచుల నుంచి ఆరిపోతోంది. బాబా ఒక గట్టి రాయి వెతికి తెచ్చి ఇల్యాస్ చేతిలో పెట్టాడు.

"ఏదో తీసెయ్యమన్నావుగా. ముందు ఈ బండ మీది మడతలు గీకెయ్."

ఇల్యాస్ ఆ రాయిని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చప్పుడు కాకుండా ఇసకలో పెట్టేశాడు.

శుక్రవారం మఠమంతా నిండింది. నీ గుండెలో ఏముందని బాబా అందరి ముందూ అడిగాడు.

"నీళ్ళ చప్పుడు," అన్నాడు ఇల్యాస్.

బాబా అతనికి అంగీ తొడిగాడు. తొడిగి, అతని ఛాతీకి చెవి ఆనించి, వింటూ అలాగే ఉండిపోయాడు.