అరివేణి కుండల వేదాంతం

ఒకానొక రాజ్యాన్ని భీమకేతుడనే రాజు ఏలేవాడు. నాలుగు నెలలు ఓ పండితుడి దగ్గర వేదాంతం విన్నాడో లేదో, ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "అంతా మాయ" అనేవాడు. తన కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం అది మాయ అయ్యేది కాదు.

ఒకరోజు పట్టపుటేనుగు కుమ్మరివీధిలో పడి గంగులమ్మ అనే కుమ్మరామె కుండలన్నీ తొక్కేసింది. అప్పుడే కాల్చి, ఆవంలోంచి తీసి చల్లారబెట్టిన కుండలు. ఆ ఏటి తిండిగింజలు వాటి మీదే రావాలి. పాపం, పెంకులు కొంగులో పోసుకుని సభకు వెళ్లింది.

"ప్రభూ, తమరి ఏనుగు నా పొట్ట కొట్టింది. న్యాయం చెయ్యండి."

రాజు మీసం దువ్వాడు. "పిచ్చిదానా! కుండ అనేది ఒట్టి పేరు, ఒట్టి ఆకారం. మట్టి ఒక్కటే సత్యం. ఏనుగు నీ మట్టిని ఎత్తుకుపోయిందా?"

"లేదు ప్రభూ."

"మరి పోయిందేమిటి?"

కాలిన పెంకు మళ్లీ మట్టి కాదని చెప్పబోయింది గంగులమ్మ. సభంతా ఆహా ఓహో అంటుంటే ఆమె గొంతు ఎవరికి వినపడుతుంది? కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చేసింది.

నెల తిరక్కుండా రాజుగారి కూతురి పెళ్లి వచ్చింది. ఆ దేశంలో కుమ్మరింటి నుంచి రంగులు వేసిన అరివేణి కుండలు మేళతాళాలతో వచ్చి పందిట్లో కూర్చుంటేగాని పెళ్లికూతురు పీటలెక్కదు. అవి ఇచ్చే హక్కు తరతరాలుగా గంగులమ్మ ఇంటిదే.

డోళ్లు మోగుతుండగా గంగులమ్మ నెత్తిన గంపతో వచ్చింది. రాణిగారు హారతిచ్చి పైగుడ్డ తీసింది. లోపల అయిదు మట్టిముద్దలు! వాటికి సున్నం పూసి బొట్లు కూడా పెట్టి ఉంది.

"అయ్యో అయ్యో, ఇవేమిటే!" అంది రాణి.

రాజు పరుగున వచ్చాడు. "ముహూర్తం ముంచుకొస్తోంది! కుండలేవీ?"

"ఇవే ప్రభూ. పేరూ ఆకారమూ ఒట్టివని తమరే సెలవిచ్చారుగా. అందుకని సత్యాన్నే మోసుకొచ్చా. మెడ విరిగిందనుకోండి."

"సత్యంలో నీళ్లెలా పోస్తామే!" అని అరిచాడు రాజు.

"ఆ రోజు నేను ఏడ్చింది దానికే ప్రభూ."

డోళ్లు ఆగిపోయాయి. రాజు గొంతు సవరించుకున్నాడు. "అయితే శాస్త్రం అబద్ధమంటావా?"

"అమ్మమ్మా, ఎంత మాట! నలభై ఏళ్లుగా మట్టి పిసుకుతున్నదాన్ని, మట్టే నిజమని నాకు తెలీదూ? నా కుండ పగిలినప్పుడు ఆ మాట నేను అనుకుంటే జ్ఞానం. పగలగొట్టినవాళ్లే అంటే, అది తప్పించుకోవడం."

తెరచాటున పెళ్లికూతురు కిసుక్కుమంది. ఆ నవ్వు రాణికి అంటుకుంది. చివరికి రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. గంగులమ్మ కేకేయగానే, బయట బండిలో ఉన్న ఆమె తమ్ముడు గడ్డి తీసి అసలు కుండలు దించాడు. ఎవరి కంటా పడకుండా పొరుగూరి ఆవంలో కాల్చిన కుండలు, రంగులతో ధగధగలాడుతున్నాయి.

"ఇక మీద ఏనుగు కుమ్మరివీధి తొక్కదు. నీకు పట్టుచీర, రెండు బళ్ల ధాన్యం" అన్నాడు రాజు. అలవాటు ఎక్కడికి పోతుంది? "అయినా ధాన్యం కూడా మాయే కదటే గంగులూ?"

"ఆకలీ మాయే ప్రభూ. మాయ ఆకలికి మాయ గింజలు చాలు. బళ్లు మాత్రం నిండా పోయించండి."