బింకయ్య పెత్తనం, టకటకమ్మ తాళం

ఇప్పలకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, ఉడుములు, ఎలుగుబంట్లు, అడవిపందులు ఉండేవి. అడవి నడుమ ఒక మడుగు ఉండేది. అందరి గొంతులూ తడిపేది ఆ మడుగే.

ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. మడుగు ఎండిపోతూ పోతూ చివరకు చిన్న గుంటగా మిగిలింది. ఆ గుంటలో ఒక కొరమీను తల్లి, ఆమె చుట్టూ ఎర్రెర్రని బుల్లి పిల్లలు.

"నాకేం, బురదలో దూరి ఎలాగో బతుకుతాను. నా పిల్లలకు అది చేతకాదు. ఈ గుంట ఎండితే అవి చచ్చిపోతాయి," అని కొరమీను ఏడ్చింది.

కొండ మీద ఒక ఊట ఉంది. ఆ నీళ్ళు రాళ్ళ సందుల్లో పడి ఎటో పోతున్నాయి. మడుగు నుంచి ఊట దాకా కాలువ తవ్వితే చాలు, నీళ్ళు వాటంతటవే దిగి వస్తాయి. తవ్వడంలో అడవిపందులను మించినవాళ్ళు ఎవరున్నారు? బొద్దమ్మ అనే పంది, ఆమె తమ్ముళ్ళు ముగ్గురు పనికి దిగారు. మడుగు వైపు నుంచి పైకి తవ్వుకుంటూ పోయారు.

అయితే ఒక చిక్కు ఉంది. వేగంగా తవ్వితే పందులకు ఒళ్ళు కాగిపోతుంది. పొర్లడానికి బురద లేదు. ఆకలి కూడా ఎక్కువవుతుంది, ఆ కరువులో దుంపలు అట్టే దొరకవు. అలాగని నిదానంగా తవ్వితే కాలువ ఎప్పటికి అవుతుంది? అందుకని అవసరమైనప్పుడే వేగంగా తవ్వాలనుకున్నారు.

ఆ వేగం చూసే పని వడ్రంగిపిట్ట టకటకమ్మకు అప్పగించారు. ఆమె ఎండుమాను మీద కూర్చుని ముక్కుతో తాళం వేస్తుంది. టకటకటక అంటే జోరుగా తవ్వాలి. టక్... టక్... అంటే మెల్లగా తవ్వాలి. ఏ పందైనా తీరిక లేకుండా తవ్వుతుంటే ఆమె తాళం పెంచుతుంది. పందులు ఊరికే నిలబడి ఉంటే, పని తక్కువే కదా అని తగ్గిస్తుంది.

ఇక ఎవరు ఎంతసేపు తవ్వాలో చెప్పే పెత్తనం కొండముచ్చు బింకయ్యది. ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు. ఊటకు కాస్త దిగువన ఒక బండ ఉంటే దాని మీద తోక వేలాడేసుకుని కూర్చున్నాడు.

"నా దగ్గర పక్షపాతం ఉండదు. అందరికీ సమానంగా పని, సమానంగా విశ్రాంతి," అన్నాడు.

వినడానికి బాగుంది కదా పిల్లలూ? నాకూ బాగానే అనిపించింది. తరువాత ఏం జరిగిందో చూడండి.

బొద్దమ్మ తవ్వడం మొదలుపెట్టేది. మట్టి వదులై, ఇక ఊపు అందుకుంటుంది అనగా బింకయ్య "మారండి" అని కేక వేసేవాడు. ఆమె పైకి వచ్చేది, తమ్ముడు దిగేవాడు. అక్క ఎక్కడ ఆపిందో వెతుక్కుని, నేల వాసన చూసి, మెల్లగా మొదలుపెట్టేవాడు. వాడు ఊపు అందుకునేసరికి మళ్ళీ "మారండి".

టకటకమ్మ పైనుంచి చూసింది. ఏ పందిని చూసినా చాలాసేపు నిలబడే కనిపిస్తోంది. "వీళ్ళకు పెద్ద పని లేనట్టుంది. పోనీలే, దుంపలు మిగులుతాయి," అనుకుని తాళం తగ్గించింది. తాళం తగ్గితే తవ్వకమూ తగ్గింది. సాయంత్రానికి కాలువ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

బింకయ్యకు ఒళ్ళు మండింది. "పిట్టకు బద్ధకం ఎక్కువైంది," అన్నాడు.

"నా కంటికి కనిపించినదాన్ని బట్టి నేను కొడతాను. ఎవరు దిగుతున్నారో, నేల ఎలాంటిదో నాకు ముందుగా చెప్పరాదా?" అంది టకటకమ్మ.

"చెట్లు తొలుచుకునే పిట్టకు చెప్పి చేయాలా నేను?" అని ఆయన ముఖం తిప్పేసుకున్నాడు.

ఇక ఆయన ఎడ్డెమంటే ఆమె తెడ్డెం. కాలువ గోల ఇద్దరికీ పట్టలేదు. ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, ఇద్దరూ ఎవరి పని వాళ్ళు బాగా చేస్తున్నామనే అనుకున్నారు.

పని సాగకపోయేసరికి బింకయ్య ఇంకా గొప్ప ఆలోచన చేశాడు. ఇంకా తొందరగా మార్చాలట. "మారండి, మారండి" అని గొంతు చించుకున్నాడు. పందులు తవ్విన దానికన్నా ఎక్కి దిగిందే ఎక్కువ. తాళం మరీ పడిపోయింది. ఇంతలో రాతినేల ఎదురైంది. ఇక్కడ గుంటలో నీళ్ళు కొరమీను వీపు దాకా తగ్గాయి.

కొరమీనుకు గుంటలోంచి కాలువ కనిపించదు. కానీ వినపడుతుంది. చేపకు చెవులెక్కడివని అడగకండి. పిల్లల ప్రాణం మీదకు వచ్చిన తల్లికి అన్నీ వినపడతాయి.

ఎండ తగ్గాక బొద్దమ్మ గుంట దగ్గరికి వచ్చింది. దాహంతో ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా ఆ కాసిన్ని నీళ్ళలో మూతి పెట్టడానికి మనసొప్పక ఒడ్డునే నిలబడింది.

"బొద్దమ్మా, 'మారండి' అనే కేక వినపడిన ప్రతిసారీ తాళం తగ్గుతోంది. నువ్వు గమనించావా?" అని కొరమీను అడిగింది.

"లేదు తల్లీ. ఎక్కడం, దిగడంతోనే సరిపోతోంది మాకు."

"నాకు వినడం తప్ప వేరే పనేముంది? కేక కాస్త ఆలస్యమైతే తాళం పెరుగుతూ వస్తుంది. పెరిగే వేళకు ఆయన అరుస్తాడు, మళ్ళీ మొదటికొస్తుంది. ఒకసారి మారకుండా తవ్వి చూడండి. మారక తప్పకపోతే ఆ పిట్టకు ముందే చెప్పండి." కొరమీను పిల్లలను దగ్గరికి చేర్చుకుని, "నా పిల్లలు రేపటి ఎండకు ఆగవమ్మా," అంది.

బొద్దమ్మ గుంటలోకి తొంగి చూసింది. "రేపు నీ పిల్లలు నిండు మడుగులో ఈదకపోతే నేను బొద్దమ్మనే కాదు," అంది.

తెల్లవారగానే ఆమె నేరుగా ఎండుమాను దగ్గరికి వెళ్ళింది.

"టకటకమ్మక్కా, రాతినేలలో దిగుతున్నాను. మొదటి నుంచే జోరుగా కొట్టు. మా తమ్ముళ్ళు నీడన పడుకుంటారు. వాళ్ళను చూసి తాళం తగ్గించకు."

"ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నాను చెల్లీ," అంది టకటకమ్మ.

టకటకటకటక. బొద్దమ్మ మూతి వంచితే మళ్ళీ ఎత్తలేదు. రాతినేల పెళ్ళలు పెళ్ళలుగా లేచింది.

"మారండి," అన్నాడు బింకయ్య. బొద్దమ్మ కదలలేదు.

"నా మాటంటే లెక్కలేదా?"

"కాలువంటే లెక్క ఉంది బింకయ్య మామా," అంటూనే ఆమె తవ్వుతోంది.

పొద్దెక్కేసరికి బొద్దమ్మ ఒళ్ళు కాగింది. రొప్పడం చూసి టకటకమ్మ తాళం కాస్త తగ్గించింది. "అక్కా, ఇప్పుడు పెద్ద తమ్ముడు దిగుతున్నాడు. ఇంకా రాతినేలే," అని చెప్పి బొద్దమ్మ పైకి వచ్చింది. హాయిగా పడుకుని లేచిన తమ్ముడు దిగీ దిగగానే తాళం మునుపటి జోరు అందుకుంది. ఊపు ఎక్కడా తెగలేదు. నిద్రపోయినవాళ్ళకు ఆకలి లేదు కాబట్టి దుంపలూ మిగిలాయి.

చివరకు బింకయ్య బండ దాకా వచ్చారు.

"మామా, లే. కాలువ దీని కిందుగా పోవాలి," అంది బొద్దమ్మ.

"నా బండను కదిలించేవాడు ఇంకా పుట్టలేదు," అని బింకయ్య ఇంకా బిగుసుకుని కూర్చున్నాడు.

టకటకటకటక. నలుగురూ ఒక్కటై తవ్వారు. బండ కింద మట్టి జారింది. బండ పక్కకు దొర్లి, రాళ్ళ సందుల్లోకి పోయే నీళ్ళకు కాలువలోకి దారి ఇచ్చింది. బింకయ్య కాలువలో పడ్డాడు. వెనకాలే ఊటనీళ్ళు బుసలు కొడుతూ వచ్చి ఆయన్ను ఎత్తుకున్నాయి. అడవి అడవంతా చూస్తుండగా పెత్తందారు బురదలో దొర్లుతూ మడుగు దాకా కొట్టుకొచ్చాడు. ఉడుములు కూడా నవ్వాయంటే చూసుకోండి.

నీళ్ళు గుంటను నింపి, మడుగంతా పరుచుకున్నాయి. కొరమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా లోతు వైపు ఈదాయి. తల్లి వాటి చుట్టూ తిరిగీ తిరిగీ ఒడ్డుకు వచ్చింది.

"ఇప్పుడు తాగు బొద్దమ్మా. కడుపునిండా తాగు," అంది.

బొద్దమ్మ కళ్ళ దాకా మూతి ముంచి తాగింది. పని అయిపోయింది కాబట్టి టకటకమ్మ తాళం ఆపి, తనూ వచ్చి పక్కన వాలింది.

ఆనాటి నుంచి అడవిలో ఏ పని వచ్చినా దాన్ని పంచే పెత్తనం బొద్దమ్మకు దక్కింది. పనివాళ్ళకు దుంపలు మోసే పని బింకయ్యకు ఇచ్చారు. దుంపలు తేవడానికి బయలుదేరేటప్పుడు, ఎవరూ అడగకపోయినా, ఆయన ఎండుమాను కింద ఆగి టకటకమ్మకు చెప్పి మరీ వెళ్ళేవాడు.

నీతి: పని పంచేవారూ వేగం చూసేవారూ మాట్లాడుకుంటేనే పని సాగుతుంది, ఊపు మీదున్న పనిని ఊరికే చేతులు మార్చితే ఆ ఊపే పోతుంది.