ఇంటి కబురడిగిన అచ్చియమ్మ

అనగనగా అనగనగా, గట్లు లేని కాలంలో, వంతెనలు లేని కాలంలో, చుట్టాలింటికి వెళ్ళాలన్నా సంతకి వెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిన కాలంలో, ఒక పెద్ద నీరుండేది. కాగితాల మీద దానికేదో పేరుండేదట. అక్కడివాళ్ళు మాత్రం పెద్దనీరు అనేవాళ్ళు. పొద్దున్నే ఆవిరి లేచిందంటే నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశమెక్కడ మొదలైందో తెలిసేది కాదు. దోనెలు మబ్బులోంచి వచ్చి మబ్బులోకి పోయేవి.

ఆ పెద్దనీటిలో మూడు లంకలు. తుంగలంక, కొంగలంక, నత్తలంక. మూడింటికీ నడుమ ఒక దిబ్బ. దిబ్బ మీద పెంకుల కప్పుతో ఒక హైస్కూలు. అయిదో తరగతి దాకా ఎవరి లంకలో వాళ్ళు చదువుకునేవాళ్ళు. ఆరోది చదవాలంటే దిబ్బకి రావాల్సిందే.

ఆ బడిలో నీళ్ళు పోసే మనిషి అచ్చియమ్మ. పెద్దనీరు చుట్టూ ఉన్నా అది తాగే నీరు కాదు, చప్పటి రుచి, బురద వాసన. దిబ్బ వెనక ఊటబావి ఒకటుండేది. పొద్దున్నే అచ్చియమ్మ ఆ బావిలో తోడి, బిందెలతో మోసి, బడి అరుగు మీద కాగులు నింపేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు జ్వరమొచ్చి పోయాడు. పిల్లలు లేరు. బావి పక్కనే తాటాకుల గుడిసెలో ఉండేది.

ఏటా మృగశిర కార్తె రాగానే బడి తెరిచేవాళ్ళు. మూడు లంకల నుంచీ దోనెలు వచ్చేవి. కొత్త పిల్లలు బెదురు చూపులతో దిగేవాళ్ళు. పాత పిల్లలు ఒడ్డు రాకముందే నీళ్ళలోకి దూకేవాళ్ళు. గంట కొట్టేలోగా అందరూ అచ్చియమ్మ అరుగు ముందు బారు తీరేవాళ్ళు. ఆవిడ చెంబు వంచి, నీళ్ళు పోసే ముందు ప్రతి పిల్లకీ ప్రతి పిల్లాడికీ ఒకటే మాట చెప్పేది.

"దోసిలి పట్టు నాయనా. ఇంటి కబురు చెప్పు."

"మా గేదె ఈనింది మామ్మా."

"మా అక్కకి సంబంధం కుదిరింది."

"మా తాతకి చూపు ఆనడం లేదు."

అచ్చియమ్మ అన్నీ వినేది. విని ఊరుకునేది కాదు. వెనకాల నిలబడ్డ పిల్లాడికి నీళ్ళు పోస్తూ, "ఒరే, తుంగలంక ముసలాయనకి చూపు ఆనడం లేదట, మీ నాయనమ్మకి చెప్పు, ఆయన ఆవిడకి పుట్టింటి వైపు చుట్టమట" అనేది. అలా దోసెడు నీళ్ళతో పాటు ఒక లంక కబురు ఇంకో లంకకి పోయేది. మధ్యాహ్నం ఎండ మందగించాక అచ్చియమ్మ అరుగు మీద కునుకు తీసేది. ఆ కునుకులో మూడు లంకల ఇళ్ళూ నీళ్ళ మీద తామరాకుల్లా మెల్లగా కదుల్తూ దగ్గరికొచ్చేవి. ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు మంచాన పడ్డారో, ఎవరు అలిగి తినకుండా పడుకున్నారో ఆవిడకి కనిపించేది. ఆవిడది కాని ఇల్లంటూ ఒక్కటీ ఉండేది కాదు.

ఇలా ఎన్నో ఏళ్ళు జరిగింది.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. పెద్దనీరు చిన్నదైపోయింది. ఉన్న నీళ్ళలోనే చేపలు, ఆ చేపల మీదే మూడు లంకల కళ్ళు. చేపలు పట్టే తడికెలు ఎవరివి ఎక్కడిదాకా కట్టుకోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. నడి నీళ్ళలో దోనెలు దోనెల్ని గుద్దుకున్నాయి. తోపులాటలో నత్తలంక కోటయ్య నీళ్ళలో పడ్డాడు. ఈత రానివాడు కాదు. కానీ కింద నాచు కాళ్ళకి చుట్టుకుంది. ఎవరు తోశారో ఎవరూ చూడలేదు. తీసేసరికి ప్రాణం లేదు.

కోటయ్య తండ్రి నాంచారయ్య నత్తలంక పెద్ద. కొడుకుని మట్టి చేసి వచ్చి, బోర్లించిన దోనె మీద కూర్చుని ఒకే మాటన్నాడు. "మనవాళ్ళు వాళ్ళతో కలిసి నీళ్ళు తాగేది లేదు."

తోసింది మీరంటే మీరని మిగతా రెండు లంకలూ పోట్లాడుకున్నాయి. దాంతో మూడు లంకల మధ్య దోనెలు తిరగడం ఆగిపోయింది.

మృగశిర కార్తె వచ్చింది. తొలకరి పడింది. అచ్చియమ్మ చీకటితోనే లేచి కాగులు నింపింది. చెంబు తోమి తళతళలాడించింది. బడి గంట మోగింది. నీళ్ళ మీద ఆవిరి లేచింది, పొద్దెక్కింది, ఆవిరి పోయింది. ఒక్క దోనె కూడా రాలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

హెడ్మాస్టరు దేవదానం రేవులో నిలబడి చూసి చూసి అరుగు దగ్గరికి వచ్చాడు.

"పై ఆఫీసుకి తెలిస్తే బడి ఎత్తేస్తారు అచ్చియమ్మా. రోడ్డు పక్క టౌనుకి మార్చేస్తారు. ఈ పిల్లలు అంత దూరం ఎక్కడ వెళ్తారు? నేను వెళ్ళి మాట్లాడాను. మూడు చోట్లా నాకు కుర్చీ వేశారు, మర్యాద చేశారు, మాట మాత్రం ఇవ్వలేదు."

అచ్చియమ్మ కాగుల వంక చూసింది. నీళ్ళు అంచుల దాకా ఉన్నాయి. కదలడం లేదు.

"నీళ్ళు నిలవ ఉంటే పాడైపోతాయి మాస్టారూ," అంది. "పోసొస్తాను."

బిందె నడుముకెత్తుకుంది. చెంబు బిందె మీద బోర్లించింది. మొగుడు వదిలిపోయిన పాత తాటిదోనె గుడిసె వెనక ఉంది. దాన్ని నీళ్ళలోకి దించి గెడ వేసుకుంటూ బయల్దేరింది.

ముందు తుంగలంక వెళ్ళింది. రేవులో ఆడవాళ్ళు గుడ్డలు ఉతుకుతున్నారు. ఎవరూ తలెత్తలేదు. అచ్చియమ్మ గొడవ మాట ఎత్తలేదు, బడి మాట ఎత్తలేదు.

"దోసిలి పట్టండమ్మా. ఇంటి కబురు చెప్పండి."

చివరికి చిట్టెమ్మ అనే ఆవిడ గుడ్డ పిండుతూ పిండుతూ ఆపేసింది. ఆవిడ కూతుర్ని కొంగలంకలో ఇచ్చారు.

"నా బిడ్డకి నెలలు నిండాయి అచ్చియమ్మా. గొడవైన కాడ్నుంచి ఉందో పోయిందో కబురు లేదు."

నీళ్ళు పోసి, దోనె తిప్పింది. తర్వాత కొంగలంక వెళ్ళింది. అక్కడా అంతే, ఎవరూ పలకరించలేదు. చిట్టెమ్మ కూతురు పచ్చి బాలింతరాలు, గుడిసెలో గోడకి తిరిగి పడుకుని ఉంది.

"దోసిలి పట్టు తల్లీ. ఇంటి కబురు చెప్పు."

"మగపిల్లాడు పుట్టాడత్తా," అంది ఆ పిల్ల, కళ్ళలో నీళ్ళతో. "మా అమ్మకి చెప్పే దిక్కే లేదు."

అచ్చియమ్మ మళ్ళీ తుంగలంకకి గెడ వేసింది. రేవుకి ఇంకా దూరాన ఉండగానే, "మనవడు, చిట్టెమ్మా, మనవడు" అంది. అంతే, చిట్టెమ్మ ఎవర్నీ అడగలేదు. తడి చీరతోనే దోనె ఎక్కేసింది. ఆవిడ కొంగలంకలో దిగుతుంటే అడ్డొచ్చే మగవాడు లేకపోయాడు.

మర్నాటికి రెండు లంకల మగవాళ్ళూ మెత్తబడ్డారు. అయినా అడుగు ముందుకి పడలేదు. "మా పిల్లల్ని పంపుతాం అచ్చియమ్మా. కానీ పోయినవాడు నత్తలంకవాడు. వాళ్ళ పిల్లలు ఇంట్లో కూర్చుంటే మా పిల్లలు ఏ మొహం పెట్టుకుని బడికెళ్ళాలి?" అన్నారు.

అది నిజమే అనిపించింది ఆవిడకి.

నత్తలంక వెళ్ళింది. నాంచారయ్య బోర్లించిన దోనె మీదే ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది.

"దోసిలి పట్టు అన్నయ్యా," అంది.

"నీళ్ళొద్దు, కబురొద్దు. వెళ్ళు," అన్నాడు.

వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. "నీళ్ళొద్దు, కబురొద్దు" అన్నాడు. వెళ్ళిపోయింది. మూడో రోజు దోనె ఒడ్డుకి లాగి, బిందె దించి, ఆయనకి కాస్త దూరంలో ఇసుకలో కూర్చుంది. దోసిలి పట్టమని అనలేదు. కొంగలు వచ్చి వాలాయి, లేచి పోయాయి. సన్నగా చినుకు పడింది, ఆగింది. ఇద్దరూ తడిశారు, ఇద్దరూ ఆరారు.

అప్పుడు అచ్చియమ్మ నోరు విప్పింది.

"చిన్నప్పుడు కోటయ్య నా దగ్గర ఎన్నేళ్ళో నీళ్ళు తాగాడు అన్నయ్యా. ఏటా కబురు చెప్పేవాడు."

నాంచారయ్య తల తిప్పలేదు.

"ఆరో తరగతికి వచ్చిన రోజున, 'మా నాన్న కొత్త దోనె చేశాడు, నన్నే ముందు కూర్చోబెట్టాడు' అన్నాడు. ఆ మరుసటేడు, 'మా నాన్న ఇంటి దగ్గర కూర్చునే నీళ్ళ కింద చేప కదలడం చూస్తాడు, ఈ మూడు లంకల్లో ఎవరికీ అలాంటి కళ్ళు లేవు' అన్నాడు."

నాంచారయ్య చెయ్యి మెల్లగా దోనె చెక్కని తడిమింది.

"ఆ పై ఏడు?" అన్నాడు.

"ఆ పై ఏడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. 'మా నాన్న కొట్టాడు అత్తా' అన్నాడు. నీళ్ళు తాగేసి రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. 'తర్వాత అన్నం కలిపి పెట్టాడు. అది కూడా చెప్పు' అన్నాడు. ఎవరికి చెప్పమన్నాడో అప్పుడు నాకు తెలీలేదు."

నాంచారయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. కొడుకు పోయిన రోజు నుంచీ జనం వచ్చిపోతూనే ఉన్నారు. పగ తీర్చుకోమని ఒకరు, పంచాయితీ పెట్టమని ఒకరు, మర్చిపొమ్మని ఒకరు. కోటయ్య గురించి మాట్లాడినవాళ్ళు లేరు. ఆయన ఏడ్చాడు. ఆ తర్వాత మాట్లాడాడు. కోటయ్య నడవకముందే ఎలా ఈదాడో చెప్పాడు, బాతుల్ని చూస్తే ఎలా జడుసుకునేవాడో చెప్పాడు, పెళ్ళిలో అరిసెలు దాచుకుని ఎలా దొరికిపోయాడో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకచోట నవ్వాడు కూడా. పొద్దు నీళ్ళ మీదికి వాలేదాకా అచ్చియమ్మ వింటూనే ఉంది.

చివరికి ఆయన దోసిలి పట్టాడు. ఆవిడ నీళ్ళు పోసింది.

"వాళ్ళతో నేను మాట్లాడను అచ్చియమ్మా. నా వల్ల కాదు," అన్నాడు మొహం తుడుచుకుని. "పిల్లది వస్తుంది. అది మాట్లాడుకుంటుందో లేదో దాని ఇష్టం."

పిల్లది అంటే కోటయ్య కూతురు మాణిక్యం. ఆ ఏడే ఆరో తరగతి.

తెల్లారింది. నీళ్ళ మీద ఆవిరి దట్టంగా ఉంది. దేవదానం మాస్టారు రేవులో నిలబడ్డాడు. ముందు గెడల చప్పుడు వినిపించింది, తర్వాత పిల్లల గుసగుసలు, ఆ తర్వాత ఒక దోనె, దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. మూడు లంకల దోనెలూ తెల్లటి ఆవిరిలోంచి ఒకే వరసలో వచ్చాయి. ఈసారి ఎవరూ నీళ్ళలోకి దూకలేదు. దిగి, బారు తీరి, తలలు దించుకుని నిలబడ్డారు.

మాణిక్యం వంతు వచ్చింది.

"దోసిలి పట్టు తల్లీ. ఇంటి కబురు చెప్పు."

"మా తాత రాత్రి అన్నం తిన్నాడు," అంది మాణిక్యం.

వెనకాల నిలబడ్డ కొంగలంక పిల్లాడు ఆ మాట విన్నాడు. "మా అమ్మకి చెబుతాను. అడగమంది," అన్నాడు మెల్లగా. మాణిక్యం వాడి వంక చూసి తలూపింది. నీళ్ళు తాగేసి కూడా అక్కణ్ణుంచి కదల్లేదు.

"మరి నీ కబురేంటి మామ్మా?"

అచ్చియమ్మ చెంబు గాల్లోనే ఆగిపోయింది. అన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు, చెప్పాలని ఆవిడకీ తోచలేదు. బారు మొత్తం ఎదురు చూస్తోంది. ఆవిడ తన గుడిసె వైపు చూసింది.

"గుడిసె పక్కన మునగచెట్టుంది," అంది. "మా ఆయన నాటాడు. ఇన్నేళ్ళూ ఆకే గానీ పువ్వు లేదు. నిన్న పూసింది."

పిల్లలు ఆ కబురు పట్టుకుపోయారు. సాయంత్రం దోనెల్లో పోయింది, రేవుల్లో దిగింది, ఇంటింటికీ తిరిగింది. మర్నాడు పొద్దున దిబ్బ పక్కగా వలలకి పోయేవాళ్ళు, ఏ లంకవాళ్ళైనా సరే, గెడ ఆపి కేకేశారు. "అచ్చియమ్మా, మునగ పూసిందటగా." అచ్చియమ్మ అరుగు మీద కూర్చుని, ఆవిరిలోంచి ఒక్కొక్క గొంతే వస్తుంటే, "పూసింది నాయనా, పూసింది" అంటూ ఉండిపోయింది. ఆ పూట కాగులు నింపడం ఆలస్యమైంది. మాస్టారు ఏమీ అనలేదు.

ఆ తర్వాత అచ్చియమ్మ ఇంకో మూడేళ్ళు బతికింది. ఒక వానాకాలం బావి గట్టు మీద కూర్చుని, చేద పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని మరి తెరవలేదు. మూడు లంకల నుంచీ దోనెలు వచ్చాయి. బాగా ముసలివాడైపోయిన నాంచారయ్య కొంగలంకవాళ్ళ దోనెలో వచ్చాడు. ఆయన వాళ్ళతో మాట్లాడలేదట. వాళ్ళిచ్చిన చెయ్యి పట్టుకుని దిగాడట.

మళ్ళీ మృగశిర వచ్చినప్పుడు కాగుల దగ్గర ఎవరు నిలబడాలో ఎవరికీ తెలీలేదు. పదో తరగతి చదివే మాణిక్యం వెళ్ళి చెంబు తీసుకుంది.

ఇప్పుడు పెద్దనీటి మీద వంతెనలొచ్చాయి. పిల్లలు ఆటోల్లో వస్తారు, సైకిళ్ళ మీద వస్తారు. బడిలో కుళాయిలున్నాయి. అయినా ఏటా బడి తెరిచిన రోజున మొదటి గంట కొట్టేముందు, పై తరగతి పిల్లలు చెంబులు పట్టుకుని అరుగు మీద నిలబడతారు. తమ ఊరి పిల్లలకి కాదు, పక్క ఊరి పిల్లలకి నీళ్ళు పోస్తారు. పోస్తూ ఇంటి కబురడుగుతారు. అడిగించుకున్నవాళ్ళు తిరిగి అడగాలి. అడగకుండా పోతే మళ్ళీ బారు చివరికి పంపేస్తారు.

అంతే కాదు. నీళ్ళు తాగుతూ ఎవరికైనా పొలమారితే, మిగతా ఊళ్ళలో నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు కదా. ఆ మూడు లంకల్లో అలా అనరు. "అచ్చియమ్మ అడుగుతోంది, చెప్పు" అంటారు. దగ్గు తగ్గగానే, అది పెళ్ళి పందిరి కానీ బస్సు కానీ, పక్కనున్నది తెలిసినవాళ్ళు కానీ తెలియనివాళ్ళు కానీ, ఇంటి కబురొకటి పైకి చెప్పేస్తారు.